పూర్వాహ్నం బాలిక, అపరాహ్నం ఉద్యోగిని

నూకరత్నానికి ముప్ఫై ఒకటి నిండి నాలుగు నెలలైంది. ఆ సంగతి జనన ధ్రువపత్రంలో ఉంది, పదో తరగతి సర్టిఫికెట్లో ఉంది, ఆధార్ కార్డులో ఉంది. ముఖంలో మాత్రం లేదు. ముఖం పదిహేను దగ్గర ఆగి, అక్కడ బాగానే ఉందనుకుని స్థిరపడిపోయింది. గుండ్రటి బుగ్గలు, సన్నటి మెడ. కొప్పు పెడితే మాడు లాగుతుందని రెండు జడలు వేసుకునేది. గంజి పెట్టిన చీర ఒంటికి గుచ్చుకుంటుందని వదులుగా ఉండే నూలు చుడీదార్లు తొడుక్కునేది. బస్సెక్కితే కండక్టరు, "స్కూలు పాసుందా పాపా?" అనేవాడు. "లేదండి. నాకు ముప్ఫై ఒకటి" అనేది. కండక్టరు నవ్వేవాడు. అడిగినదానికి జవాబు చెబితే నవ్వెందుకో ఆమెకు తెలిసేది కాదు.

ఆమె వశిష్ఠపురం లాకుల దగ్గర గేజి రీడరు. కాలువ గోడకు బిగించిన కొలబద్ద మీద నీళ్ళు ఎంతవరకు వచ్చాయో రోజుకు నాలుగుసార్లు చూసి, పుస్తకంలో రాసి, సంతకం పెట్టాలి. ఆమె రాకముందు ఆ పని ఎదురుగా ఉన్న టీ బడ్డీలోంచే జరిగిపోయేది. నూకరత్నం పద్నాలుగు మెట్లూ దిగి, అలలు సర్దుకునేదాకా నిలబడి, సెంటీమీటరు తేడా లేకుండా చదివి రాసేది. ఏడేళ్ళుగా ఒక్క అంకె తప్పు పోలేదు. దిగువన పదకొండు ఊళ్ళ రైతులు ఆ అంకె చూసుకునే చేలకు నీళ్ళు పెట్టేవారు.

ఇరవై ఎనిమిదో ఏట పట్నంలో ఒక డాక్టరమ్మ ఆమెను మూడు పూటలు కూర్చోబెట్టి మాట్లాడి, "నీకు ఆటిజం ఉందమ్మా. పుట్టినప్పటినుంచీ ఉంది" అని చెప్పింది. చెల్లెలు సత్యవేణి బెంగపడింది. నూకరత్నం బెంగపడలేదు. ఇన్నాళ్ళూ పేరు లేకుండా తనతో తిరుగుతున్నదానికి ఒక పేరు దొరికిందని బస్సులో వస్తున్నంతసేపూ ఆ మాటను నోట్లోనే పలికి చూసుకుంది.

ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఆ జూన్‌తో కాంట్రాక్టు ముగుస్తుందనగా, నీటి శాఖ గేజి రీడరు పోస్టును పర్మనెంటు చేసి, ఆటిజం ఉన్నవారికి కేటాయించింది. ఇంజనీరు శరభయ్యగారు స్వయంగా లాకుల దగ్గరికి వచ్చి చెప్పారు.

"నీ కోసమే పుట్టినట్టుందమ్మా ఈ పోస్టు. వికాస నిర్ధారణ మండలి వాళ్ళ సర్టిఫికెట్టొకటి పట్టుకొచ్చేయ్, అంతే."

అక్కాచెల్లెళ్ళు మర్నాడే మండలి కార్యాలయానికి వెళ్ళారు. వాళ్ళకు అమ్మానాన్నా లేరు. ఎక్కడికి వెళ్ళినా ఇద్దరే. అయిదేళ్ళు చిన్నదైన సత్యవేణి జాకెట్లు కుడుతుంది. ఎవరిదగ్గర ఏ గొంతుతో మాట్లాడాలో ఇద్దరి తరఫునా ఆమే చూసుకుంటుంది.

మండలి సూపరింటెండెంటు కూర్మనాథంగారు దరఖాస్తును అటూ ఇటూ తిప్పి చూశారు.

"వయస్సు ముప్ఫై ఒకటి అని రాశారు. ఈ ఫారం బాలబాలికలది. ఆటిజం అనేది పిల్లలకు వర్తించే అంశం. పద్దెనిమిది దాటినవారికి ఉండటానికి ప్రొవిజన్ లేదు."

"నాకు ఉందండి" అంది నూకరత్నం.

"ఉండొచ్చు. ప్రొవిజన్ లేదు."

"పద్దెనిమిది నిండగానే అది ఎక్కడికి వెళ్తుందండి?"

ఆమె ఎగతాళికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. కూర్మనాథంగారికి ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"వెళ్ళిపోయిన తరవాత అది మా పరిధిలోకి రాదు" అన్నారు చివరికి.

అంతలో లోపలి గదిలోంచి మండలి డాక్టరుగారు బయటికొచ్చి, "ఈ పిల్లనెందుకు కూర్చోబెట్టారు? స్కూలు టైమవుతోంది కదా, ముందు చూసి పంపించెయ్యండి" అని వెళ్ళిపోయారు. కూర్మనాథంగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. నూకరత్నాన్ని మొదటిసారి తేరిపార చూశారు. ఆయన ముఖం వికసించింది.

"డాక్టరుగారి అభిప్రాయం నమోదైపోయింది" అని, ఫారంలో వయస్సు గడిలో ఇలా రాశారు: 'చూపునకు పదిహేను.' తరవాత ముద్ర కొట్టారు. ఆటిజం మంజూరైంది.

"చూపుకి పదిహేనేంటండి, నాకు ముప్ఫై..." అని నూకరత్నం మొదలుపెట్టేలోపు సత్యవేణి ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. "అక్కా, కాయితం వచ్చింది కదా. పద."

కాయితం నీటి శాఖకు చేరింది. అక్కడ ఇంకొకరు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆటిజం ఉంది, బాగానే ఉంది. కానీ పోస్టుకు పద్దెనిమిదేళ్ళు నిండాలి. పదిహేనేళ్ళ పిల్లను ఉద్యోగంలో పెట్టుకుంటే బాలకార్మికుల కేసు నీటి శాఖ మీదే పడుతుంది. పెద్దదైతే ఆటిజం ఉండదు, ఆటిజం ఉంటే పెద్దది కాదు. రెండు శాఖల మధ్య పదకొండు ఉత్తరాలు నడిచాయి. చివరికి ఉమ్మడి సమావేశం జరిగింది. మండలి వారి తనిఖీలు పొద్దుటిపూటే జరుగుతాయి, నీటి శాఖ ఆడిట్ మధ్యాహ్నంపూటే జరుగుతుంది. కాబట్టి రోజును పంచుకుంటే ఎవరి రికార్డుకూ భంగం ఉండదని కూర్మనాథంగారు సూచించారు. సభ్యులు బల్ల చరిచారు. వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది.

'పై విషయము కూలంకషముగా పరిశీలించిన మీదట, సదరు నూకరత్నం అను వ్యక్తి ప్రతి పనిదినమున ఒంటిగంటన్నర వరకు పదిహేను సంవత్సరముల బాలికగాను, రెండు గంటల నుండి ముప్ఫై ఒక్క సంవత్సరముల ఉద్యోగినిగాను పరిగణింపబడవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది. పూర్వాహ్నమున బాలిక వెంట సంరక్షకులు ఉండవలెను. ఒంటిగంటన్నర మొదలు రెండు గంటల వరకు సదరు వ్యక్తి వయస్సు విషయమై ప్రత్యేక ఉత్తర్వులు వెలువడును.'

ఇంకొకరైతే ఆ కాయితాన్ని మడిచి బీరువాలో పెట్టి తమ పని తాము చేసుకుపోయేవారు. రాసినవాళ్ళు ఆశించిందీ అదే. నూకరత్నం అలా చెయ్యలేకపోయింది. ఉత్తర్వు అంటే చెప్పిన మాట. చెప్పిన మాట మీద నిలబడకపోతే ఇంక చెప్పడమెందుకని ఆమె చిన్నప్పటినుంచీ అనుకునేది. మొదటి రోజు నుంచీ అక్షరం తప్పకుండా పాటించింది.

ఉదయం ఆరింటికీ పదింటికీ తీయాల్సిన రీడింగులు తీయలేదు. బాలికలు పని చెయ్యకూడదు. లాకు కార్యాలయం వరండాలో బెంచీ మీద కూర్చునేది. పక్కనే సంరక్షకురాలి హోదాలో సత్యవేణి, ఒళ్ళో జాకెట్లు, నోట్లో సూది. కుట్టుమిషను ఇంటి దగ్గరే ఉండిపోవడంవల్ల ఆమెకు చేతికుట్లు తప్ప గతి లేకపోయింది. పెళ్ళిళ్ళ జాకెట్లు ఆలస్యమై, వాడుకగా వచ్చేవాళ్ళు ఇద్దరు ముగ్గురు వేరే దర్జీ దగ్గరికి వెళ్ళిపోయారు.

అటెండరు గంగయ్య ఒంటిగంటన్నరకు ముందు, "పాపా, కాళ్ళు తియ్యి, ఊడవాలి" అనేవాడు. రెండు దాటాక అదే చీపురు పట్టుకుని, "మేడంగారూ, కొంచెం జరుగుతారాండి?" అనేవాడు. ఆ మధ్య అరగంట ఆమెను ఏమని పిలవాలో తెలియక ఆ పక్కకే వచ్చేవాడు కాదు.

బాలికంటూ ఒకరున్నారని రికార్డయ్యాక శిశు సంక్షేమం వాళ్ళు ఊరుకోరు. వారం వారం ఒక కార్యకర్త వచ్చి, ఉడికించిన గుడ్డు ఇచ్చి, గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచి, చార్టులో చుక్క పెట్టేది. ఏడో వారం చుక్కలన్నీ ఒక్క గీత మీదే ఉన్నాయని తేలింది. సంరక్షకురాలికి నోటీసు వచ్చింది. బాలికలో ఎదుగుదల లోపించుటకు కారణములు వివరించవలెను.

"మా అక్కకి ముప్ఫై రెండు వస్తన్నాయండి. ఇంకేం ఎదుగుద్దండి?" అంది సత్యవేణి.

"అది మధ్యాహ్నం కదమ్మా" అంది కార్యకర్త జాలిగా. "పొద్దున్న మాటేంటి?"

నూకరత్నానికి గుడ్డు ఇబ్బంది కాలేదు, పాపా అనడమూ ఇబ్బంది కాలేదు. ఆమెను తినేసింది రీడింగు పుస్తకం. పొద్దుటి రెండు గడులను గంగయ్య నింపేవాడు. మెట్లు దిగకుండా, పై గడిలో ఉన్న నిన్నటి అంకెనే కింద దించేవాడు. కళ్ళ ముందు నీళ్ళు పెరుగుతున్నాయి, తగ్గుతున్నాయి, పుస్తకంలో మాత్రం కదలకుండా ఉన్నాయి. ఎవరూ రాసుకోకుండానే పొద్దుటి నీళ్ళన్నీ దిగువకు వెళ్ళిపోతున్నాయి.

"అక్కా, ఎవరూ చూడకుండా ఒకసారి దిగి చూసొచ్చెయ్యకూడదా?" అనేది సత్యవేణి.

"చూస్తే రాయాలి. రాస్తే సంతకం పెట్టాలి. చెల్లదు కదా."

ఆగస్టు మూడోవారంలో ఎడతెరిపి లేకుండా రెండు రోజులు వాన కురిసింది. మూడో రోజు పొద్దున్న తొమ్మిదింటికి కాలువ ఎర్రగా, నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది. ఆ చప్పుడు లేకపోవడం నూకరత్నానికి నచ్చలేదు. బెంచీ మీదినుంచి లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. పద్నాలుగు మెట్లలో మూడు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. కొలబద్ద మీది ప్రమాదపు ఎర్రగీత ఎప్పుడో మునిగిపోయింది. పుస్తకంలో పొద్దుటి అంకె నిన్నటిదే.

తొమ్మిదిన్నరకు శరభయ్యగారి జీపు వచ్చింది. వెనకాలే దిగువ ఊళ్ళ రైతులు, గోనెసంచులు తల మీద కప్పుకుని ముప్ఫై మంది దాకా వచ్చారు. వాళ్ళలో సూరన్న అనే పెద్దాయన ఏడుపు గొంతుతో అన్నాడు.

"నాట్లు ఊడ్చి పదిరోజులు కాలేదండి బాబూ. మళ్ళన్నీ మునిగిపోతన్నాయండి. మిగులు గేట్లెత్తి నీళ్ళు ఏట్లోకి వదిలెయ్యండి!"

ఎత్తాలంటే నియమితురాలైన గేజి రీడరు సంతకంతో ఆ పూట రీడింగు ఉండాలి. సంతకం లేకుండా గేట్లెత్తిన ఒక ఇంజనీరు ఆరేళ్ళపాటు విచారణల చుట్టూ తిరగడం శరభయ్యగారు కళ్ళారా చూశారు. ఆయనకింకా ఎనిమిది నెలల సర్వీసుంది. వానలో తడుస్తూ వరండా మెట్టు దగ్గరికి వచ్చారు.

"నూకరత్నంగారూ, ఒక్కసారి రీడింగు తీసి సంతకం పెట్టండమ్మా."

"ఇప్పుడు నేను బాలికనండి. నా సంతకం చెల్లదు. ఉత్తర్వు మీద మీ సంతకమే ఉందండి."

"పోనీ సంరక్షకురాలు పెట్టొచ్చు కదా?"

"నాకు జాకెట్టు టేపు తప్ప ఇంకో కొలత చదవడం రాదండి" అంది సత్యవేణి.

శరభయ్యగారు మండలికి ఫోను చేశారు. కూర్మనాథంగారు శాంతంగా విన్నారు.

"తొందరపడకండి. దీన్ని అత్యవసర వయోవృద్ధి అంటాం. సంరక్షకుల సమ్మతి, రెండు ఫొటోలు జతపరిచి దరఖాస్తు చేస్తే మూడు పనిదినాల్లో పెంచి ఇస్తాం."

"మూడు రోజులా! నీళ్ళు గట్టెక్కుతున్నాయండీ!"

"నీళ్ళు మీ శాఖ" అన్నారు కూర్మనాథంగారు. ఆయనకే జాలి కలిగినట్టుంది, గొంతు తగ్గించి, "గడియారం మీ కార్యాలయంలోదే కదా?" అని పెట్టేశారు.

శరభయ్యగారు బల్ల మీదికెక్కారు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయి ఉంది. గోడ గడియారాన్ని దించి, వెనకనున్న మీట తిప్పి, రెండు గంటల అయిదు నిమిషాలు చేసి మళ్ళీ తగిలించారు. గంగయ్య వెంటనే చేతులు కట్టుకుని, "మేడంగారూ, రెండైందండి" అన్నాడు.

నూకరత్నం గడియారాన్ని చూసింది. రైతులను చూసింది. పుస్తకం తీసుకుని వానలోకి నడిచింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మూడు మెట్లు దిగి, వంగి చూసి, వెనక్కి వచ్చి రాసింది. మూడు మీటర్ల పన్నెండు. పక్క గడిలో సమయం: ఉదయం తొమ్మిది యాభై. ఆ తరవాత సంతకం పెట్టకుండానే కలం మూసేసింది.

"రెండూ అయిదు అని రాయండమ్మా" అన్నారు శరభయ్యగారు.

"తొమ్మిదీ యాభైకి నీళ్ళు ఎంతున్నాయో చూశానండి. రెండింటికి ఎంతుంటాయో నాకు తెలీదు."

"ఒక్క అంకె! ఒక్క అంకె తప్పు రాస్తే పదకొండు ఊళ్ళు బతుకుతాయి!"

"తప్పు రాస్తే బతకవండి. ఈ పుస్తకం చూసే కదా వాళ్ళు నాట్లేసింది."

శరభయ్యగారు బల్ల మీదే కూలబడిపోయారు. అక్క ముఖంలోకీ చెల్లెలి ముఖంలోకీ సూరన్న మార్చి మార్చి చూస్తున్నాడు. నూకరత్నం చేతివేళ్ళు చుడీదారు అంచును గబగబా మడుస్తున్నాయి, విప్పుతున్నాయి. ఆమె లోలోపల ఏదో వల్లె వేస్తోందని సత్యవేణికి తెలిసింది. ఏడేళ్ళుగా అన్నం తింటూ కూడా చదివిన లాకుల నిబంధనల పుస్తకం అది.

"నలభై ఒకటి" అంది నూకరత్నం ఉన్నట్టుండి.

"ఏంటి?"

"నలభై ఒకటో నిబంధనండి. 'నీటిమట్టము ఎర్రగీతను దాటినట్లు గమనించిన వారు ఎవరైనను హెచ్చరిక గంటను మూడు విడతలు, విడతకు ఏడు దెబ్బలు కొట్టవలెను. గంట మోగిన పిదప సంతకముతో నిమిత్తము లేకుండ గేట్లు ఎత్తవలెను.' ఎవరైనను అని ఉందండి. వయస్సు లేదు."

అందరూ వరండా మూలకు తిరిగారు. అక్కడ గొలుసుతో వేలాడుతున్న రైలుపట్టా ముక్క ఉంది. పక్కన తుప్పు పట్టిన సుత్తి. ఎప్పుడు కొట్టారో ఎవరికీ గుర్తులేదు. గంగయ్య ముందుకు ఉరికాడు కానీ నూకరత్నం ఆపింది.

"గమనించినవాళ్ళు కొట్టాలి. నువ్వు గమనించలేదు. నిన్నటి అంకె వేశావు."

సుత్తి అందుకుంది. అప్పుడు ఆగిపోయింది. గిన్నె కింద పడితేనే చెవులు మూసుకుని గదిలోకి వెళ్ళి అరగంట దాకా బయటికి రాని మనిషి ఆమె. పెళ్ళిమేళం వీధిలోకి వస్తోందంటే దొడ్డిగుమ్మంలోంచి వెళ్ళిపోయేది. సత్యవేణి ఒళ్ళోని జాకెట్లు కింద పడేసి లేచింది. అక్క వెనక నిలబడి, రెండు అరచేతులతో ఆమె రెండు చెవులూ గట్టిగా మూసింది.

"కొట్టు అక్కా. నేనున్నాను."

మొదటి దెబ్బకు నూకరత్నం ఒళ్ళంతా కంపించడం చెల్లెలి చేతులకు తెలిసింది. రెండోదానికి కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి. అయినా లెక్క తప్పలేదు. మూడు విడతలు, విడతకు ఏడు. ఇరవై ఒకటో దెబ్బ పడగానే శరభయ్యగారు అరిచిన అరుపు వానలో గట్టు చివరిదాకా వినబడింది. "ఎత్తండ్రా!"

పల్లపు చేలు కొన్ని ఒక రోజు నీళ్ళలో నానాయి. మిగతావన్నీ నిలిచాయి. మధ్యాహ్నం రెండింటికి, గడియారాన్ని శరభయ్యగారే సరిచేశాక, నూకరత్నం మెట్లు దిగి రీడింగు తీసి సంతకం పెట్టింది. రెండు మీటర్ల ఎనభై నాలుగు.

పది రోజుల తరవాత పొద్దున్న ఒక కవరు వచ్చింది, సంరక్షకురాలి పేర. బాలిక ప్రభుత్వ గంటను సంరక్షకుల లిఖితపూర్వక అనుమతి లేకుండా ఇరవై ఒక్కసార్లు మోగించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. అదే రోజు మూడింటికి ఇంకొకటి వచ్చింది. అప్రమత్తతతో పదకొండు గ్రామాలను కాపాడిన ఉద్యోగినికి ప్రశంసాపత్రం. రెండు కవర్ల మీదా ఒకే పై అధికారి సంతకం ఉంది. నూకరత్నం మొదటిదానికి సంజాయిషీ రాసింది, రెండోదానికి కృతజ్ఞతలు రాసింది, రెండూ ఒకే కవరులో పెట్టి పంపింది.

అలా ఒకే కవరులో చేరేసరికి పైవాళ్ళకు తాము చేసిన పని మొదటిసారి ఒక్కచోట కనిపించింది. మళ్ళీ ఉమ్మడి సమావేశం జరిగింది. ఇకమీదట సదరు వ్యక్తికి రోజంతా ముప్ఫై ఒక్క సంవత్సరాలేనని తీర్మానించారు. అప్పటికి ఆమెకు ముప్ఫై రెండు రావడానికి మూడు నెలలుంది కాబట్టి ఆ మాట సరైనదే. అయితే కూర్మనాథంగారు రెండో పేరా జతచేశారు.

'వయోజనులకు ఆటిజము ఉండుటకు ప్రొవిజన్ లేనందున, సదరు వ్యక్తికి మంజూరైన ఆటిజము వచ్చే నెల ఒకటవ తేదీ పూర్వాహ్నము నుండి ఉపసంహరించడమైనది. అమలు నివేదిక పంపవలెను. అమలైన నాటినుండి పోస్టు ఖాళీగా పరిగణింపబడును.'

సత్యవేణి ఆ కాయితం చదివి వరండాలోనే ఏడ్చేసింది. నూకరత్నం రెండుసార్లు చదివి ఇంజనీరుగారి గదిలోకి వెళ్ళింది.

"పూర్వాహ్నం అంటే ఎన్నింటికండి?"

శరభయ్యగారికి ఆమె ముఖంలోకి చూడటానికి మొహం చెల్లలేదు. "పదిన్నర అనుకో అమ్మా" అన్నారు.

ఒకటో తారీఖున పదింటి రీడింగు తీసి, సంతకం పెట్టి, ఆమె తన కుర్చీలో నిటారుగా కూర్చుంది. పదిన్నరైంది. గంగయ్య ఇనప బీరువాను నేల మీద ఈడ్చాడు. ఆ చప్పుడు పళ్ళలోకి దిగింది. పదకొండు దాకా చూసింది. పన్నెండు దాకా కూడా చూసింది, ఆలస్యం కావచ్చునని. తరవాత తెల్లకాగితం తీసుకుంది.

'అయ్యా, తమరి ఉత్తర్వు అందినది. నిర్ణీత సమయమునకు కుర్చీలో సిద్ధముగా ఉంటిని. ఉపసంహరణ జరగలేదు. పన్నెండు గంటల వరకు వేచితిని. ఇంకను ఉన్నది. తదుపరి ఆదేశములు కోరుచున్నాను.'

శరభయ్యగారు దాన్ని చదివారు. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి మళ్ళీ చదివారు. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో ఏ కాయితమూ ఆయన్ని అంత సంతోషపెట్టలేదు. వచ్చి కూర్చుని కింద రాశారు. 'ఉత్తర్వు అమలు కానట్లు ఉద్యోగిని స్వయముగా నివేదించినందున, అమలు నివేదిక అందువరకు యథాస్థితి కొనసాగించడమైనది. ప్రతి నెల ఒకటవ తేదీన స్థితిని తెలుపవలెను.' పచ్చసిరాతో సంతకం చేసి, తేదీ వేసి, నాలుగు ప్రతులు తీయించారు.

మండలిలో కూర్మనాథంగారు చాలా పుస్తకాలు తిరగేశారు. జారీ చేసిన ఉత్తర్వు అమలు కాకపోతే ఏం చెయ్యాలో ఉంది. అమలు కాలేదని ఉద్యోగే ఒప్పుకుంటే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు.

శరభయ్యగారు ఆ వేసవిలో రిటైరయ్యారు. నూకరత్నం లాకుల దగ్గరే ఉంది. రోజుకు నాలుగుసార్లు మెట్లు దిగుతుంది, నాలుగు గడులూ తనే నింపుతుంది. సత్యవేణి మళ్ళీ కుట్టుమిషను ముందు కూర్చుంది. ప్రతినెలా ఒకటో తారీఖున అక్క 'ఇంకను ఉన్నది' అని రాసి పంపడం మాత్రం మానలేదు. ఒకసారి కవరు అంటిస్తుంటే సత్యవేణి అడిగింది.

"ఏ నెలైనా నిజంగానే పోయిందనుకో అక్కా. రాసేస్తావా?"

"రాస్తాను. పోతే ఉందని ఎలా రాస్తాను?"

"పోవాలని ఉందా నీకు?"

నూకరత్నం కవరు అంచును వేలితో గట్టిగా నొక్కింది.

"లేదు" అంది. "కానీ ఆ సంగతి వాళ్ళు అడగలేదు."